గుమ్మం మీద కేల్ మొక్క

గిబ్బీ మా హామర్‌విక్‌లో కాపురం పెట్టి అప్పటికి వారం కూడా కాలేదు. పొద్దున్నే టీ కలుపుకుని మొదటి గుక్క తాగబోతుంటే ఎవరో తలుపు దబదబా బాదారు. తీసి చూస్తే ఎదురుగా ఒక అమ్మాయి. ఆ అమ్మాయి చేతిలో ఒక చెవి. ఆ చెవి వెనకాలే గిబ్బీ పెంపుడు గొర్రె.

"ఇది నీదేనా?" అంది అమ్మాయి.

కాదనడానికి వీల్లేదు. గొర్రె మెడలో ఎర్ర రిబ్బను తనే కట్టాడు. పైగా అది గిబ్బీని చూడగానే తోక ఊపింది. దాని నోటి పక్కనుంచి ముదురాకుపచ్చ ఆకు ముక్క ఒకటి వేలాడుతోంది.

"నాదే. దీని పేరు బానక్," అన్నాడు.

"గొర్రెకి రొట్టె పేరు పెట్టావా?"

"పుట్టగానే తల్లి చచ్చిపోతే సీసా పాలతో పెంచాను. పాలకన్నా రొట్టెలే ఎక్కువ తినేది."

"ఇప్పుడు రొట్టెలు మానేసి మా మామ్మ కేల్ మొక్కల మీద పడింది. పద, వచ్చి చూడు."

గిబ్బీ టీ కప్పు చేత్తో పట్టుకునే బయల్దేరాడు. ముందు ఆ అమ్మాయి, మధ్యలో గొర్రె, వెనక అతను. గాలి ఆ అమ్మాయి జుట్టుని తీసుకొచ్చి అతని మొహాన కొడుతోంది. తిట్లు తినడానికి వెళ్తున్నవాడు కాస్త దిగులుగా నడవాలి కదా. గిబ్బీ మాత్రం హుషారుగా నడిచాడు. దారిలో కప్పులోని టీ అంతా ఒలికిపోయిందని కూడా చూసుకోలేదు.

ఆ అమ్మాయి పేరు ఓస్లా. సిన్నీ మామ్మ మనవరాలు. మా షెట్లాండ్ దీవుల్లో చెట్లుండవు, గాలి ఉంటుంది. చలికాలంలో నేలమీద పచ్చగా నిలబడేది కేల్ ఒక్కటే. క్యాబేజీకి అక్క వరస అనుకోండి, కాకపోతే ముద్ద కట్టదు, కాండం మీద నిటారుగా లేచి ఆకులు విప్పుకుంటుంది. అందులోనూ సిన్నీ మామ్మ కేల్ వేరు. వాళ్ళమ్మమ్మ చేతినుంచి వచ్చిన విత్తనం అది. ఊరంతా ఏటా మామ్మ దగ్గర పిడికెడు విత్తనం పట్టుకెళ్ళి చల్లుకునేది.

పోయిన చలికాలం గాలివానకి కొట్టాం కప్పు లేచిపోయి, దాచిన విత్తనమంతా తడిసి బూజు పట్టింది. మిగిలినవి ఏడు మొక్కలు. గుట్ట మీద గుండ్రటి రాతి గోడ కట్టిన మడిలో ఉన్నాయి. ఆ మడిని మేం క్రబ్ అంటాం. దానికి గుమ్మం ఉండదు, గోడెక్కి దిగాల్సిందే. ఆ ఏడు మొక్కలూ చలికాలమంతా తట్టుకుని నిలబడితే మే నెలలో పూస్తాయి, ఆ తర్వాత గింజ కడతాయి. వాటిని ఏదైనా మేసేస్తే సిన్నీ మామ్మ కేల్ అనేది ఇక ఈ భూమ్మీద ఉండదు. ఓస్లా కోపానికి కారణం అదీ.

దారిలో మామ్మ ఇంటి కిటికీ దగ్గర పంచాయితీ జరిగింది. మామ్మకి మోకాళ్ళు సహకరించవు కానీ కళ్ళు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. చిరిగిన ఆకొకటి తెప్పించుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గొర్రె తింటే ఈనెలు వదిలిపెడుతుందా? ఇది పావురం పని. ఆ పిచ్చిది గోడ కింద రాలిన ముక్కలు ఏరుకు తినుంటుంది. దాని చెవి వదిలెయ్యవే," అంది.

ఓస్లా చెవి వదిలింది. తప్పొప్పుకోవడం మాత్రం ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ రాదు. మర్నాడు పళ్ళెం నిండా వేడి రొట్టెలు తెచ్చి, అతని గుమ్మంలో పెట్టి, ఇవి గొర్రెకి అని చెప్పి వెనక్కి తిరిగింది.

"మరి నాకు సారీ చెప్పవా?" అన్నాడు గిబ్బీ.

"నీ చెవి నేను పట్టుకోలేదుగా."

ఆ రోజంతా గిబ్బీ తన చెవులు తడుముకుంటూ తిరిగాడు.

గిబ్బీది ఉత్తరాన ఉన్న అన్‌స్ట్ దీవి. మేనమామ పోతూ పోతూ హామర్‌విక్‌లోని ఇల్లూ, కాస్త భూమీ ఇతనికి రాశాడు. పగలు సముద్రంలో చేపల పెంపకం దగ్గర పని. కాబట్టి పాత వలలకి కొదవలేదు. గొర్రె మీద పడ్డ నింద ఎలాగూ పోయింది, ఇక పావురాల సంగతి తను చూసుకుంటానని ఒక పెద్ద వల భుజాన వేసుకుని గుట్టెక్కాడు. క్రబ్ మీద ఈ అంచునుంచి ఆ అంచుకి పరిచి, రాళ్ళు పెట్టి, చేతులు దులుపుకుని, ఓస్లా మెచ్చుకుంటుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఓస్లా మెచ్చుకోలేదు. చూద్దాంలే అంది.

మర్నాడు చూస్తే పావురాలు దర్జాగా వల మీదే కూర్చున్నాయి. వల వాటి బరువుకి మొక్కల మీదికి దిగింది. కన్నాల్లోంచి మెడలు పెట్టి తాపీగా పొడుచుకు తింటున్నాయి.

"బాగుంది. భోజనానికి వచ్చినవాళ్ళకి ఉయ్యాల కూడా కట్టావు," అంది ఓస్లా.

గిబ్బీ సముద్రం ఒడ్డుకి పోయి, అలలు తెచ్చిపడేసిన కర్రలు ఏరుకొచ్చాడు. ఇద్దరూ కలిసి వాటిని మడిలో పాతి, వలని మొక్కలకి అందనంత ఎత్తులో బిగించారు. వల బిగించడానికి ఒకరు లాగుతుంటే ఒకరు ముడెయ్యాలి. గిబ్బీ ముడెయ్యడం ఎందుకంత ఆలస్యమవుతోందో ఓస్లాకి అర్థం కాలేదు. చేపలవాడికి ముడులు రావా అని అడిగింది. వస్తాయి, ఇది కష్టమైన ముడి అన్నాడు. ఓస్లా వంగి చూసింది. బూటు లేసుకి వేసే ముడి. గోడ దిగేటప్పుడు నవ్వుకుంటూ దిగింది.

పావురాలు పోయాయి. కుందేళ్ళు వచ్చాయి. గోడలో ఒకచోట రాయి జారి సందు ఏర్పడితే అందులోంచి దూరి, ఒక మొక్క అడుగు ఆకుల్ని కత్తితో కోసినట్టు కొరికిపోయాయి. ఇద్దరూ రాళ్ళు మోసి సందు పూడ్చారు. కుందేళ్ళు పోయాయి. నత్తలొచ్చాయి. ఆ అక్టోబర్‌లో చలి ముదరకుండా వానలు పట్టుకున్నాయి. గుల్లల్లేని నల్ల నత్తలు రాళ్ళ సందుల్లో పగలంతా పడుకుని, చీకటి పడగానే ఆకులెక్కేవి. వాటికి మందు చల్లడం మామ్మకి ఇష్టం లేదు. చేత్తో ఏరాల్సిందే.

మా దగ్గర ఆ రోజుల్లో అయిదింటికే చీకటి పడుతుంది. గిబ్బీ పని నుంచి వస్తూనే టార్చి, జాం సీసా పట్టుకుని గుట్టెక్కేవాడు. ఓస్లా ఏరేది, గిబ్బీ సీసా పట్టుకునేవాడు. పైనుంచి వాన, కింద బురద, సీసాలో నత్తలు. ప్రేమించుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదన్నట్టు ఇద్దరూ రోజూ టైముకి హాజరు.

"మీ అన్‌స్ట్‌లో అమ్మాయిలు కూడా నత్తలు ఏరతారా?" అని అడిగింది ఒకరోజు.

"ఏరతారు. కానీ వాళ్ళెవరూ నన్ను పిలవలేదు."

"నేను మాత్రం పిలిచానా? నువ్వే వస్తున్నావు."

"సీసా పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

"గోడ మీద పెట్టుకుంటాను."

"గాలికి పడిపోతుంది."

ఆ పూట గాలి లేదు. మా దీవుల్లో అలాంటి పూట దొరకడం ఎంత అపురూపమో మీకు తెలీదు. ఆ అమ్మాయి టార్చి వెలుగులో తలెత్తి, ఇంకేమైనా చెబుతాడేమోనని అతని వంకే చూసింది. గిబ్బీ నోరు తెరిచాడు. తెరిచి, నీ బూటు మీద నత్త ఉంది అన్నాడు. ఇలాంటివాడికి ఏం చెబుతాం?

పేచీ వచ్చింది మెరాన్ వల్ల. మెరాన్ ఓస్లాకి పినతల్లి కూతురు. ఊళ్ళో ఏ నవ్వు వినపడినా దాని మూలం మెరాన్ నోరే. ఒక సాయంత్రం తనూ నత్తలు ఏరుతానని క్రబ్‌లో దిగింది. ఒక నత్తని ఏరిందో లేదో కానీ గిబ్బీని మాత్రం కడుపుబ్బ నవ్వించింది. సీసా వణికి నాలుగు నత్తలు బయటపడి పారిపోయాయి. నత్తలు పారిపోవడమంటే ఎంతసేపు నవ్వారో ఊహించుకోండి.

వెళ్ళేటప్పుడు ఓస్లా సీసా తన చేతిలోకి లాక్కుంది. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. నీకు నవ్వుకునే పనులు వేరే ఉన్నట్టున్నాయి," అంది.

అంతే, మాటలు బంద్. గిబ్బీకి తప్పేమిటో తెలీలేదు. సరిగ్గా అప్పుడే హాలోమస్ పండగ వచ్చిపడింది.

అక్టోబర్ ఆఖరి సాయంత్రం మా ఊళ్ళో పెళ్ళికాని వాళ్ళంతా గుంపు కడతారు. కళ్ళకి గంతలు కట్టుకుని, ఎవరి పెరట్లోనో దూరి, చేతికందిన కేల్ మొక్కని వేళ్ళతో సహా పీకుతారు. మొక్క నిటారుగా ఉంటే రాబోయే వాళ్ళు చక్కనివాళ్ళు, వంకరైతే వంకర. వేళ్ళకి మట్టి ఎంత అంటితే అంత కలిగినవాళ్ళు. దాన్ని తీసుకెళ్ళి ఇంటి గుమ్మం పైన వేలాడగడతారు. ఆ తర్వాత ఆ గుమ్మం కింద నుంచి మొట్టమొదట లోపలికి అడుగుపెట్టిన పెళ్ళికాని అబ్బాయో, అమ్మాయో, వాళ్ళే ఆ ఇంటి పిల్లకో పిల్లాడికో రాసిపెట్టినవాళ్ళు. మర్నాడు పొద్దున్న కాండం కొరికి చూస్తారు. తియ్యగా ఉంటే తియ్యటి గుణం, చేదుగా ఉంటే ఇక వాళ్ళ ఖర్మ. మొక్క పోయినవాళ్ళు ఆ ఒక్క పూటా కోప్పడకూడదు. కోప్పడితే ఏడాదంతా ఊరు ఆటపట్టిస్తుంది.

ఓస్లాకి వీటి మీద నమ్మకం లేదు. ఆకుని అడిగితే మొగుడి పేరు చెబుతుందా, నత్తని అడిగినా అంతే చెబుతుంది అనేది. కానీ మిగతావాళ్ళకి మాత్రం సిన్నీ మామ్మ కేల్ చెప్పిన జోస్యం తప్పదని గట్టి నమ్మకం. ఈసారి కూడా గుంపు క్రబ్ మీదికే వస్తుందని మెరాన్ నోరు జారింది. పావురాన్ని ఆపిన వలా, కుందేలుని ఆపిన గోడా మెరాన్‌ని ఆపలేవు.

ఓస్లా ఆ మధ్యాహ్నమే ఒక పని చేసింది. ఏడు మొక్కల్నీ మట్టిగడ్డతో సహా తవ్వి, ఒంటి చక్రం బండిలో పెట్టి, గిబ్బీ పెరట్లో టర్నిప్‌ల మధ్య నాటేసింది. అక్కడున్నవి వాళ్ళ మేనమామ వదిలేసిన నాలుగు ఎండు కేల్ మొక్కలు. ఆ పెరట్లోకి ఎవడొస్తాడు? గిబ్బీకి చెప్పాలి, కానీ మాటల్లేవాయె. పనినుంచి వచ్చేటప్పుడు ఇక్కడికి వస్తాడు కదా, నువ్వే చెప్పు మామ్మా అని మామ్మకి అప్పజెప్పి, తను ఖాళీ క్రబ్‌లో వల కింద దాక్కుంది. గుంపు రాగానే టార్చి వేసి హడలగొట్టాలని ఆమె ప్లాను.

గిబ్బీకీ ఒక ప్లాను ఉంది. గుంపు క్రబ్ వైపు పోకుండా ఉండాలంటే వాళ్ళకి ఇంకో పెరడు చూపించాలి. పొద్దున్నే రేవులో అందరికీ చెప్పేశాడు. నా పెరట్లో కేల్ ఉంది, ఎంత కావాలంటే అంత పీక్కోండి, పైగా ఉప్పుచేప కాదు, ఎండబెట్టిన మాంసంతో సూప్ చేస్తాను అని. సూప్ అన్నాక మా వాళ్ళు ఇంకెక్కడికి పోతారు? సాయంత్రం మామ్మ ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే, మామ్మ కూడా కబుర్లన్నీ చెప్పింది. ఆ ఒక్కటీ తప్ప.

చీకటి పడింది. ఓస్లా క్రబ్‌లో కూర్చుంది. ఎవరూ రాలేదు. వాన మొదలైంది. ఎవరూ రాలేదు. మెడ మీద వల నుంచి నీళ్ళు కారుతుంటే, కింద ఊళ్ళోంచి మెరాన్ నవ్వు వినిపించింది. ఎటువైపునుంచి వస్తోందో చెవి పెట్టి విన్నది. గిబ్బీ పెరట్లోంచి.

ఆమె గోడెక్కి దూకిన దూకుడుకి వల ఒక చోట చిరిగింది.

వెళ్ళేసరికి గుంపు చెదిరిపోయింది. గిబ్బీ ఒక్కడే గుమ్మంలో, గంత నుదుటి మీదికి నెట్టుకుని, ఒళ్ళంతా బురదతో, మొహమంతా సంతోషంతో నిలబడి ఉన్నాడు. ఆమెని చూడగానే మాటల్లేవన్న సంగతే మర్చిపోయాడు.

"నీ మొక్కలకేం భయం లేదు. ఒక్కడు కూడా గుట్ట వైపు పోలేదు. అందరూ నా పెరట్లోనే పీక్కున్నారు."

ఓస్లా టార్చి పెరట్లోకి తిప్పింది. టర్నిప్‌ల మధ్య ఏడు గుంటలు. ఎండు కేల్ మొక్కలు నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"గిబ్బీ, నా మొక్కలు ఎక్కడున్నాయో తెలుసా?"

"క్రబ్‌లో."

"మధ్యాహ్నం వరకూ."

టార్చి ఒక్కో గుంట మీదా ఆగుతూ వెళ్ళింది. గిబ్బీ మొహంలో సంతోషం కూడా ఒక్కో గుంటకీ కొంచెం కొంచెం దిగిపోయింది. ఇంత మంచి కేల్ మామయ్య పెరట్లో ఎలా మొలిచిందా అని పీకేటప్పుడు తనకీ అనిపించిందట. మామ్మ చెప్పలేదా అని ఆమె, ఏం చెప్పలేదా అని అతను. ఓస్లా గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమె ఏడవడం అతను అంతకుముందు చూడలేదు.

"మా అమ్మ చనిపోయాక మామ్మ నాకు నేర్పిన మొదటి పని ఆ గింజ దాచడం. పావురాన్ని ఆపాను, కుందేలుని ఆపాను. చివరికి నేనే నా చేతుల్తో తెచ్చి పెట్టాను," అంది.

గిబ్బీ ఆమె పక్కన బురదలో కూర్చోలేదు. ఇంటి వెనక్కి పోయి ఒంటి చక్రం బండి తెచ్చాడు. "వేళ్ళతో, మట్టితో పీకారు కదా. కొరికేది రేపు పొద్దున్న. ఈ సాయంత్రమే నాటేస్తే బతకవా?" అని అడిగాడు.

ఓస్లా ముక్కు తుడుచుకుంది. బతుకుతాయి.

మొదట మెరాన్ ఇల్లు. గిబ్బీకి తొందర ఎక్కువ. బండి వదిలేసి, తలుపు తోసుకుని, ఆ మొక్క ఒకసారి ఇస్తావా అంటూ లోపల అడుగుపెట్టాడు. లోపల సోఫాలో కూర్చున్న మెరాన్ గుమ్మం పైన ఉన్న కేల్‌నీ, కింద ఉన్న గిబ్బీనీ చూసి, ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, మొట్టమొదట గుమ్మం దాటిన పెళ్ళికాని వాడు తనేనని. మెరాన్ ఫోన్ తీసి ఫొటో కొట్టేసింది. వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి, అబ్బాయి నీళ్ళలో పనిచేసేవాడైనా పర్వాలేదులే అంది.

వెనకాల గుమ్మం బయట వానలో ఓస్లా. ఆమె మొహం చూసి మెరాన్ నవ్వు ఆపింది. తర్వాత ఇంకా గట్టిగా నవ్వింది.

"ఒసేయ్ ఓస్లా, మొక్కా పట్టుకుపో, పెళ్ళికొడుకునీ పట్టుకుపో. సీసా పట్టుకోవడం తప్ప ఏమీ రానివాడు నాకెందుకే? ఆ రోజు నీ గురించే అడుగుతూ నవ్వాడు, తెలుసా? ఓస్లా చిన్నప్పుడు గొర్రెల్ని ఇలాగే తిట్టేదా అని."

ఓస్లా కేల్ తీసుకుని బండిలో పెట్టి, కాస్త దూరం వెళ్ళాక, ఇకమీద అమ్మాయిల ఇళ్ళకి తను వెళ్తుందని, అబ్బాయిల ఇళ్ళకి అతను వెళ్ళాలని తేల్చి చెప్పింది. జోస్యం మీద నమ్మకం లేదన్నావుగా అన్నాడు గిబ్బీ. లేదు, ఊరి నోటి మీద నమ్మకం ఉంది అంది.

అలా ఇంటింటికీ తిరిగారు. ఆండ్రా అనేవాడు జుట్టు దువ్వుకుని, సెంటు కొట్టుకుని, గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గిబ్బీ తలుపు తోయగానే వాడి మొహం జావగారిపోయింది. ఇంకో ఇంట్లో అమ్మాయి ఓస్లాని చూసి, నీ వెనకున్నతన్ని కూడా లోపలికి రమ్మను అంది. వర్షంలో ఉన్నాడు, తడిస్తే మంచిదే అంది ఓస్లా. గిబ్బీ తడుస్తూనే నవ్వాడు. వాన ఎంత కురిసినా ఆ నవ్వు కరిగేలా లేదు.

చివరికి బండిలో ఆరు మొక్కలు చేరాయి. ఓస్లా లెక్క చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. అన్నిటికన్నా పొడుగుది, ఎక్కువ గింజ కడుతుందని ఆశపెట్టుకున్నది, అదే లేదు.

"ఎవరు పీకారది?"

గిబ్బీ బండి తోయడం మానేశాడు.

"అది నా గుమ్మం మీద ఉంది," అన్నాడు.

"మరి మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అక్కడే నిలబడి, అందుకుని ఇయ్యమనేదానివి. నువ్వు లోపలికి రావాలి కదా."

అతను ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కూడగట్టుకున్నాడో మీకు తెలీదు. బూటు మీద నత్త సంగతి చెప్పినవాడు ఇతనే. ఓస్లా జవాబు చెప్పేలోపు గిబ్బీ ఇంటి వైపు నుంచి గొర్రె అరుపు వినిపించింది. ఇద్దరూ తలెత్తి చూశారు. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల దీపం వెలుగుతోంది, పొయ్యి మీద సూప్ వాసన వస్తోంది. గుమ్మం పైన పొడుగాటి కేల్ వేలాడుతోంది. దొడ్డిలోంచి తప్పించుకున్న బానక్, ఎర్ర రిబ్బనుతో సహా, ఆ గుమ్మం వైపే ఊగుతూ నడుస్తోంది. అది ఆడగొర్రె. దానికి పెళ్ళి కూడా కాలేదు.

ఓస్లా పరుగందుకుంది.

గిబ్బీ జన్మలో అంత చక్కటి పరుగు చూడలేదు. బురదలో జారింది, లేచింది, టోపీ ఎగిరిపోయింది, ఆగలేదు. బానక్‌కి ఇదేదో పోటీ అని అర్థమై అది కూడా వేగం పెంచింది. గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకేసారి చేరారు. ఓస్లా దాన్ని మోచేత్తో పక్కకి తోసి, ఒక్క గంతులో లోపల పడింది. బానక్ గడప బయట నిలబడి, నమ్మినవాళ్ళు మోసం చేసినట్టు మే అంది.

గిబ్బీ బండి తోసుకుంటూ తీరిగ్గా వచ్చాడు. ఓస్లా లోపల గోడ పట్టుకుని రొప్పుతోంది.

"నేను కేల్ కోసం పరిగెత్తాను. గొర్రె తినేస్తుందని," అంది.

"కేల్ గుమ్మం పైన ఉంది. దానికి అందదు. నీకు గుమ్మం బయటనుంచే అందుతుంది."

ఓస్లా పైకి చూసింది. నిజమే, చెయ్యి చాస్తే అందుతుంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గిబ్బీ వాటిని చూసి తనవి తడుముకున్నాడు.

"నమ్మకం లేదన్నావు," అన్నాడు మెల్లగా.

"ఇప్పటికీ లేదు. కానీ ఎందుకైనా మంచిదని వచ్చాను," అంది ఓస్లా. అని, అతని తడిసిన చొక్కా కాలరు పట్టుకుని లోపలికి లాగింది. "నువ్వంటే నాకిష్టం గిబ్బీ. సీసా గోడ మీద పెట్టుకోవచ్చని నాకు మొదటి రోజే తెలుసు."

తర్వాత కాసేపు ఏం జరిగిందో బానక్ ఒక్కతే చూసింది. అది ఎవరికీ చెప్పలేదు.

టార్చి వెలుగులో మొక్కలన్నీ మళ్ళీ క్రబ్‌లో నాటి, చిరిగిన వల కుట్టి, ఇద్దరూ ఒళ్ళంతా బురదతో మామ్మ దగ్గరికి వెళ్ళారు. గిబ్బీతో ఆ మాట చెప్పడం ఎలా మర్చిపోయావని ఓస్లా నిలదీసింది. మామ్మ అల్లిక సూదులు ఒళ్ళో పెట్టుకుంది.

"మర్చిపోయానని ఎవరన్నారే? కేల్ మట్టితో పీకితే ఓ పూట ఉంటుంది. మీ ఇద్దరి పేచీ ఇంకో పూట కూడా నేను భరించలేను."

"మామ్మా, మొక్కలు పోయుంటే?"

"పోతే ఏడ్చేదాన్ని," అంది మామ్మ. ఆ మాట నవ్వుతూ అనలేదు. "అయినా చెప్పకూడదనే అనుకున్నాను."

ఆ చలికాలం మామూలు చలికాలం కాదు. జనవరి గాలికి ఒక మొక్క మొదలంటా విరిగిపోయింది. ఇంకోదాన్ని మంచు తీసుకుపోయింది. మిగిలినవాటిని కాపాడటానికి ఇద్దరూ రోజూ గుట్టెక్కారు. చలికి నత్తలు పోయినా సీసా మాత్రం గిబ్బీ చేతిలోనే ఉండేది. ఎందుకని అడిగితే అలవాటైపోయింది అనేవాడు. మే నెలలో ఒక పొద్దున పొడుగు మొక్క కొసన పసుపు పువ్వు విచ్చింది. మిగతావి దాని వెనకే విచ్చాయి. క్రబ్ గోడ మీదినుంచి పసుపు ఊరంతటికీ కనిపించింది. మెరాన్ ఫొటో తీసింది. ఈసారి అందులో ఇద్దరున్నారు.

కాయలెండాక మామ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని స్వయంగా నలిపింది. గింజలు నల్లగా, గుండ్రంగా రాలాయి. ఊళ్ళోవాళ్ళంతా ఎప్పట్లాగే వచ్చారు. మామ్మ ఇంటికో పిడికెడు కొలిచి ఇచ్చింది. ఓస్లాకి ఒక పిడికెడు పోసింది. తర్వాత గిబ్బీ వచ్చి చెయ్యి చాచాడు.

మామ్మ అతని అరచేతిని మూసేసింది.

"ఇంటికో పిడికెడే నాయనా. మీ ఇంటిది ఓస్లాకి ఇచ్చేశాను," అంది.